మగ్గం దగ్గరి నేర్పు, చేతిలోని పత్రం: సోలాపూర్‌లో వృత్తి మార్గాలు

పాఠం ఉద్దేశం

సోలాపూర్ నగరంలోని ముఖ్య పరిశ్రమలు ఏవి, వాటిలో ప్రవేశించడానికి ఏ చదువు లేదా శిక్షణ కావాలి, ప్రవేశించిన పిమ్మట పై మెట్టుకు ఎట్లు చేరవచ్చు అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది. పదవ తరగతి పూర్తిచేసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు, చాలాకాలంగా మగ్గాలపైనో బీడీ పనిలోనో ఉన్న పెద్దలు దీనిని తమ తమ అవసరం మేరకు చదువుకోవచ్చు. పాఠం చివర ఇంట్లో కూర్చొని చేయదగిన అభ్యాసం ఉంది.

1. నగరం, పని, తెలుగువారు

సోలాపూర్ మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ వీధిలో వినిపించే నగరం. పుణె నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఈ నగరం మీదుగానే పోతుంది. తెలంగాణ ప్రాంతం నుండి నేత కుటుంబాలు తరతరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. నగరానికి తూర్పున ఉన్న పేటలలో, ముఖ్యంగా భద్రావతి పేట పరిసరాలలో, నేటికీ ఇంటి భాష తెలుగే. రాఖీ పౌర్ణమి నాడు మార్కండేయ రథోత్సవం జరిగేటప్పుడు ఈ సమాజం ఎంత పెద్దదో నగరమంతటికీ తెలుస్తుంది.

ఈ కుటుంబాలను ఇక్కడికి రప్పించింది పని. తొలుత చేమగ్గం, పిదప మిల్లు, ఆ పైన మరమగ్గం, ఇంటిలో స్త్రీలకు బీడీల పని: ఇదీ మూడు నాలుగు తరాల క్రమం. తెలుగు నేలపై ఏ ఇంటికి వెళ్ళినా 'షోలాపూర్ దుప్పటి' అనే మాట వినిపిస్తుంది. ఆ దుప్పటి నేసిన చేతులలో ఎన్నో తెలుగు చేతులు. సోలాపూర్ చాదరుకు, సోలాపూర్ టెర్రీ టవలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. వస్తువుకు గుర్తింపు ఉన్నది. దానిని నేసిన మనిషి నైపుణ్యానికి కూడ అటువంటి గుర్తింపు పత్రం ఉన్నదా అనే ప్రశ్న చుట్టూ ఈ పాఠం నడుస్తుంది.

2. మిల్లులు నేర్పిన పాఠం

1877లో నగరంలో మొదటి నూలు, వస్త్ర మిల్లు నెలకొన్నది. దానినే పాత మిల్లు అన్నారు. తరువాత మరికొన్ని పెద్ద మిల్లులు వెలిశాయి. దశాబ్దాల పాటు మిల్లు భోంగా మోతతోనే నగరం నిద్ర లేచింది. మిల్లు పని అంటే నెల జీతం, స్థిరమైన వేళలు, పెళ్ళి సంబంధాలలో గౌరవం. ఇరవయ్యవ శతాబ్ది ముగిసి కొత్త శతాబ్ది మొదలయ్యేసరికి ఆ పెద్ద మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మిల్లు మూతపడినప్పుడు అందులోని వారందరికీ ఒకే రీతి నష్టం కలుగలేదు. యంత్రాల మరమ్మతు, విద్యుత్తు, బాయిలరు, లెక్కలు వంటి పనులలో పరీక్ష నెగ్గి పత్రం పొందినవారికి మరొక పరిశ్రమ తలుపు తెరుచుకొనే అవకాశం ఉండేది. ముప్పై ఏళ్ళు ఒకే యంత్రం దగ్గర నిలిచిన నిపుణుడైన నేత పనివాడికి తన నేర్పును కొత్త యజమానికి చూపించే ఆధారమేదీ ఉండేది కాదు. అతడు ఎంత తెలిసినవాడైనా కొత్తచోట మొదటి మెట్టు నుండే ఆరంభించవలసి వచ్చేది.

దీనినుండి గ్రహించవలసినది ఒక్కటే. నైపుణ్యం రెండు విధాలు: ఒక గోడల మధ్యనే చెల్లేది, ఆ గోడ దాటినా చెల్లేది. మొదటిదానిని రెండవదానిగా మార్చుకొనడమే వృత్తిలో ఎదుగుదలకు పునాది.

3. నైపుణ్యానికి మెట్లు, అనుభవానికి పత్రం

భారత ప్రభుత్వం 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించింది. దీనిలో నైపుణ్యాలను ఒకటవ స్థాయి నుండి ఎనిమిదవ స్థాయి వరకు మెట్లుగా అమర్చారు. ఒకరి సూచన ప్రకారం చేసే సులభమైన పనులు కింది మెట్లలోను, స్వతంత్రంగా యంత్రాన్ని నడిపి లోపాలను సరిదిద్దే పనులు నడిమి మెట్లలోను, పర్యవేక్షణ, రూపకల్పన, పరిశోధన పై మెట్లలోను ఉంటాయి. ప్రభుత్వ శిక్షణ సర్టిఫికెట్‌పై ఈ స్థాయి సంఖ్య ముద్రించి ఉంటుంది. శిక్షణలో చేరేముందు ఆ సంఖ్య ఎంతో అడిగి తెలుసుకొనడం మంచిది. ఇప్పటికే ఉన్న స్థాయికి సమానమైన శిక్షణలో మళ్ళీ చేరితే కాలమే వ్యర్థమవుతుంది.

బడికి దూరమై పనిలోనే నేర్చుకొన్నవారికి 'పూర్వాభ్యాస గుర్తింపు' అనే ఏర్పాటు ఉన్నది. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. అభ్యర్థికి కొద్దిపాటి పరిచయ శిక్షణ ఇచ్చి, చేతిపనిని పరీక్షించి, నెగ్గితే సర్టిఫికెట్ ఇస్తారు. కొత్తగా పని నేర్పడం దీని ఉద్దేశం కాదు, ఉన్న నేర్పును లెక్కలోకి తేవడమే. ఇరవై ఏళ్ళుగా మగ్గం నడిపిన వ్యక్తికి ఈ పత్రం ఎందుకని కొందరు అనుకోవచ్చు. కారఖానా మారేటప్పుడు, బ్యాంకు రుణం అడిగేటప్పుడు, కొడుకు లేక కూతురు పనిచేసే నగరానికి వెళ్ళి అక్కడ పని వెదికేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

4. ముఖ్య పరిశ్రమలు, వాటిలోని సోపానాలు

జౌళి రంగం

నగరంలోను, అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక వాడలోను మరమగ్గాలపై చాదర్లు, టెర్రీ టవళ్ళు తయారవుతాయి. నాడెతో నడిచే పాత మగ్గాల స్థానంలో నాడె లేని రేపియర్ మగ్గాలు క్రమంగా వస్తున్నాయి. పాత మగ్గం దగ్గర ఒక్కొక్కరు కొన్ని మగ్గాలనే చూడగలరు. కొత్తవాటి దగ్గర తక్కువమంది ఎక్కువ యంత్రాలను చూస్తారు. కాబట్టి మగ్గం నడిపే ఉద్యోగాల సంఖ్య పెరగకపోవచ్చు. యంత్రాన్ని అమర్చేవారికి, దాని ఎలక్ట్రానిక్ భాగాలను సరిచేసేవారికి, కంప్యూటరుపై జకార్డ్ నమూనా గీసేవారికి మాత్రం అవసరం పెరుగుతుంది.

ఈ రంగంలో సోపాన క్రమం ఇట్లుంటుంది. కండెలు చుట్టడం, పడుగు అతకడం వంటి సహాయక పనులతో ఆరంభం. తరువాత మగ్గం నడపడం. ఆ పైన జాబర్, అనగా మగ్గాలను సవరించి నిలబెట్టే మేస్త్రీ. ఆపై పర్యవేక్షకుడు, నాణ్యతా పరీక్షకుడు, నమూనా రూపకర్త. ఇంకొక పక్క సైజింగ్, అద్దకం, ప్యాకింగ్, ఎగుమతి పత్రాల విభాగాలున్నాయి. మగ్గం నడిపేవాడు జాబర్ కావడానికి సాధారణంగా అనుభవం చాలునని భావిస్తారు. రేపియర్ మగ్గం వచ్చిన తరువాత అనుభవానికి తోడు విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ మూలసూత్రాలు కూడ అవసరమయ్యాయి. కేంద్ర జౌళి శాఖ మగ్గాల పట్టణాలలో పవర్‌లూమ్ సర్వీస్ సెంటర్లను నిర్వహిస్తుంది. అక్కడ మగ్గాల పనివారికి స్వల్పకాలిక శిక్షణ, బట్ట పరీక్ష, నమూనాల విషయంలో సాయం లభిస్తాయి.

అదే శాఖ 2017లో మంజూరు చేసిన 'సమర్థ్' పథకం కింద జౌళి రంగంలోని పలు పనులకు ఉచిత శిక్షణ ఇస్తారు. ఆధార్‌తో అనుసంధానించిన వేలిముద్ర హాజరు ఇందులో తప్పనిసరి. హాజరు లేనిదే పరీక్షకు అనుమతి ఉండదు గనుక రోజుకూలీపై ఆధారపడినవారు చేరేముందే వేళలను అడిగి తెలుసుకోవాలి.

కుట్టుపని, తయారు దుస్తులు

ఇటీవలి కాలంలో పాఠశాల, కార్యాలయ యూనిఫారాల తయారీకి సోలాపూర్ పేరు పొందింది. కుట్టు మిషను తెలిసిన స్త్రీలకు ఇంటికి సమీపంలోనే పని దొరికే రంగమిది. ఇక్కడి సోపానాలు: ఒకే రకం కుట్టు వేసే ఆపరేటరు, ఓవర్‌లాక్ మొదలైన పలు యంత్రాలు తెలిసిన ఆపరేటరు, కత్తిరింపు, నమూనా కత్తిరించే మాస్టరు, వరుస పర్యవేక్షకురాలు, నాణ్యతా పరీక్షకురాలు. ఆపరేటరు దశలోనే నిలిచిపోతే ఆదాయం ముక్కల లెక్కకు కట్టుబడి ఉంటుంది. కత్తిరింపు, కొలతలు నేర్చుకొన్నవారు ఆ పరిమితి దాటుతారు. ఐటీఐలో ఒక సంవత్సరపు కుట్టు సాంకేతిక కోర్సు ఇందుకు తగిన ద్వారం.

సొంతంగా దర్జీ పని చేసేవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం వర్తిస్తుంది. అందులోని 18 వృత్తులలో దర్జీ వృత్తి ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భత్యం, 15,000 రూపాయల వరకు పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీపై మొదటి విడతగా 1 లక్ష, దానిని సక్రమంగా తీర్చిన పిమ్మట 2 లక్షల రుణం ఇందులో ఉన్నాయి. నేత పని ఆ 18 వృత్తుల జాబితాలో లేదు. ఈ తేడా తెలియక దరఖాస్తు రుసుమంటూ మధ్యవర్తులకు డబ్బు ఇచ్చి నష్టపోరాదు.

విద్యుత్తు, యంత్రాలు, రైల్వే

దక్షిణ సోలాపూర్ తాలూకాలో ఎన్‌టీపీసీ సంస్థ 1,320 మెగావాట్ల ఉష్ణ విద్యుత్ కేంద్రం ఉన్నది. జిల్లాలో చక్కెర కర్మాగారాలు అనేకం. చించోళి పారిశ్రామిక వాడలో పలు యంత్ర, రసాయన పరిశ్రమలున్నాయి. ఈ అన్నిటికీ ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, టర్నరు కావాలి. పరిశ్రమ ఏదైనా ఈ నాలుగు వృత్తులకు చోటుంటుంది. ఒక మిల్లు మూతపడినా మరొక కర్మాగారానికి పోగల నైపుణ్యానికి ఇవి చక్కని ఉదాహరణలు. ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, టర్నరు రెండేళ్ళ కోర్సులు, వెల్డరు ఒక ఏడాది కోర్సు.

మధ్య రైల్వేకు సోలాపూర్ ఒక డివిజను కేంద్రం. జిల్లాలోని కుర్డువాడిలో రైల్వే వర్క్‌షాపు ఉన్నది. పదవ తరగతిలో కనీసం 50 శాతం మార్కులు, సంబంధిత ఐటీఐ సర్టిఫికెట్ ఉండి, 15 నుండి 24 ఏళ్ళ లోపు వయసు గలవారు రైల్వే అప్రెంటిస్ నియామకాలకు దరఖాస్తు చేయవచ్చు. రిజర్వేషన్ వర్గాలకు వయసులో సడలింపు ఉంటుంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్ 1 ఉద్యోగాలలో 20 శాతం స్థానాలు ప్రత్యేకించారు. ఆ ఉద్యోగాల పరీక్షను తెలుగులోను, మరాఠీలోను కూడ రాయవచ్చు.

సౌర విద్యుత్తు కొత్త ద్వారం. ఇళ్ళ పైకప్పులపై సౌర ఫలకాలు అమర్చే పీఎం సూర్య ఘర్ పథకం 2024లో మొదలైంది. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియనుకు కొద్ది నెలల అదనపు శిక్షణతో ఈ రంగంలో పని దొరుకుతుంది.

ఆరోగ్య సేవలు

సోలాపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి, అనేక సహకార, ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. చుట్టుపక్కల జిల్లాల నుండి, కర్ణాటక సరిహద్దు గ్రామాల నుండి రోగులు ఇక్కడికి వస్తారు. మరాఠీ, కన్నడం, తెలుగు మాట్లాడగల నర్సుకు, ప్రయోగశాల సహాయకుడికి ఇక్కడ భాషే ఒక అర్హత. పన్నెండవ తరగతి పిమ్మట ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు. తరువాత అర్హతను బట్టి నర్సింగ్ డిగ్రీకి మార్గం ఉన్నది. చేరే ముందు ఆ సంస్థకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదో లేదో తప్పక చూడాలి. గుర్తింపు లేని సంస్థలో చదివితే రిజిస్ట్రేషను రాదు. రిజిస్ట్రేషను లేని నర్సును పెద్ద ఆసుపత్రులు సహాయకురాలిగా మాత్రమే తీసుకొంటాయి.

వ్యవసాయాధారిత పరిశ్రమలు

సోలాపూర్ దానిమ్మకు పేరు మోసిన జిల్లా. కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం 2005 నుండి ఇక్కడనే ఉన్నది. పండ్ల వర్గీకరణ, శీతల గిడ్డంగులు, రసం తయారీ, ప్యాకింగ్, రవాణా పనులు ఈ పంట చుట్టూ పెరిగాయి. శీతల యంత్రాల మరమ్మతు తెలిసినవారికి గిడ్డంగులలోను, ఆసుపత్రులలోను, దుకాణాలలోను పని దొరుకుతుంది.

5. అప్రెంటిస్‌షిప్: పని చేస్తూ నేర్చుకొనే హక్కు

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకొని తీరాలి. మొత్తం సిబ్బందిలో 2.5 శాతం నుండి 15 శాతం వరకు ఈ సంఖ్య ఉండాలి. 4 నుండి 29 మంది ఉన్న చిన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు. అప్రెంటిస్ వయసు 14 ఏళ్ళకు తక్కువ కారాదు. ప్రమాదకర పరిశ్రమలలో 18 ఏళ్ళు నిండాలి.

2019లో సవరించిన నియమాల ప్రకారం నెలసరి కనీస స్టైపెండ్ ఇట్లు నిర్ణయమైంది: అయిదు నుండి తొమ్మిదవ తరగతి వరకు చదివినవారికి 5,000, పదవ తరగతి వారికి 6,000, పన్నెండవ తరగతి లేక ఐటీఐ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000 రూపాయలు. ఈ మొత్తాలను ప్రభుత్వం ఎప్పటికప్పుడు పెంచవచ్చు గనుక చేరే నాటికి అమలులో ఉన్న మొత్తాన్ని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో సరిచూసుకోవాలి.

అప్రెంటిస్‌కు, హెల్పరుకు మధ్య భేదం ఒప్పందంలో ఉంటుంది. అప్రెంటిస్ ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుంది. నేర్పే పని, కాలం, స్టైపెండ్ అందులో రాసి ఉంటాయి. కాలం ముగిశాక పరీక్ష నెగ్గితే సర్టిఫికెట్ వస్తుంది. నమోదు లేకుండా 'పని నేర్పిస్తాము, తరువాత చూద్దాం' అని చేర్చుకొన్నవాడు చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాడు, తక్కువ కూలికి పనిచేసే పనివాడు మాత్రమే. రెండేళ్ళ పిమ్మట అతనికి చూపడానికి ఏ పత్రమూ ఉండదు. అందువలన చేరిన మొదటి నెలలోనే ఒప్పందం నమోదు సంఖ్యను అడిగి రాసుకొనడం అవసరం. శిక్షణ ముగిశాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం నిర్బంధించదు. ఈ విషయమూ ముందే తెలిసి ఉండాలి.

6. ఇంటి లెక్క

శిక్షణ మంచిదని అందరూ అంగీకరిస్తారు. ఇంటి అద్దె, కిరాణా బాకీ ఎదురుగా ఉన్నప్పుడు రెండు మూడేళ్ళు ఆగడం ఎట్లా అన్నదే అసలు చిక్కు. కాబట్టి దానిని అంకెలలో చూడాలి. కింది కూలి, జీతాల అంకెలు లెక్క నేర్చుకొనడానికి ఊహించినవి. ప్రతి కుటుంబం తన అంకెలు వేసుకోవాలి.

పదవ తరగతి నెగ్గిన ఒక బాలుడు నేరుగా పనిలో చేరితే నెలకు 9,000 వస్తుందనుకొందాం. మూడేళ్ళలో 3,24,000 రూపాయలు. అతడే రెండేళ్ళు ఐటీఐ చదివి, ఒక ఏడాది అప్రెంటిస్‌గా 7,000 చొప్పున పొందితే మూడేళ్ళలో 84,000. భేదం 2,40,000. ఫీజులు, ప్రయాణ ఖర్చులు దీనికి అదనం. ఈ మొత్తమే కుటుంబం ఆ బిడ్డపై పెడుతున్న పెట్టుబడి.

మూడేళ్ళ పిమ్మట శిక్షణ పొందినవాడికి పొందనివాడికంటే నెలకు 5,000 ఎక్కువ వస్తుందనుకొందాం. 2,40,000ను 5,000తో భాగిస్తే 48 నెలలు. నాలుగేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. పదహారవ ఏట మొదలుపెట్టిన బాలుడికి అప్పటికి ఇరవైమూడేళ్ళు. ఆ తరువాత పనిచేసే మూడున్నర దశాబ్దాలూ మిగులే. ఆ భేదం 5,000 కాక 2,000 మాత్రమే అయితే పదేళ్ళు పడుతుంది. అందుచేత ఏ కోర్సు అనేది కోర్సు చేయడమంత ముఖ్యం. చేరేముందు అదే కోర్సు ముగించి రెండేళ్ళయిన ముగ్గురిని వెదికి, వారి నేటి జీతం అడగడం ఏ ప్రచార పత్రం కంటెను నమ్మదగిన మార్గం.

ఇంటికి నెల నెలా కొంత రాక తప్పనిసరి అయితే నడిమి మార్గం ఉన్నది. పదవ తరగతి తరువాత నేరుగా అప్రెంటిస్‌గా చేరితే కనీసం 6,000 వస్తుంది. ఊహించిన 9,000తో పోల్చితే రెండేళ్ళలో భేదం 72,000 మాత్రమే. ఐటీఐ అంత విలువ కాకపోయినా చేతికి పత్రం వస్తుంది.

ఐటీఐ అంటే చదువుకు ముగింపు అనే అపోహ పలు ఇళ్ళలో ఉన్నది. రెండేళ్ళ ఐటీఐ నెగ్గినవారు మహారాష్ట్రలో పాలిటెక్నిక్ డిప్లొమా రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా ముగించినవారు ఇంజినీరింగ్ డిగ్రీ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. దారి పొడవైనదే, నడుమ ఎక్కడ ఆగి సంపాదించినా మళ్ళీ కొనసాగించవచ్చు.

7. బీడీ పని చేసే ఇళ్ళు

తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, దారం కట్టి, సాయంత్రానికి కట్టలు అప్పగించే పని వేల తెలుగు ఇళ్ళను నిలబెట్టింది. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆ ఆదాయంతోనే జరిగాయి. ఈ పనిలో నైపుణ్యం ఎంత పెరిగినా వేగం తప్ప మరొక మెట్టు లేదు. వయసు పెరిగేకొద్దీ నడుము నొప్పి, కంటి చూపు, తంబాకు దుమ్ము వల్ల వేగమూ తగ్గుతుంది.

ఇన్నేళ్ళ పని తరువాత తల్లి మరొక వృత్తికి మారడం సులభం కాదు. ఆమె శ్రమ వలన పిల్లలకు లభించే హక్కును మాత్రం వదులుకోరాదు. బీడీ కార్మికుల పిల్లలకు ఒకటవ తరగతి నుండి వృత్తి విద్యా డిగ్రీ వరకు ఏడాదికి 1,000 నుండి 25,000 రూపాయల వరకు కేంద్ర కార్మిక శాఖ విద్యార్థి వేతనం ఇస్తుంది. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవారూ అర్హులే. దీనికి తల్లి లేక తండ్రి పేర బీడీ కార్మిక గుర్తింపు కార్డు అవసరం. కార్డు లేకుండా మరొకరి పేరు మీద కట్టలు అప్పగించే స్త్రీలు ఈ హక్కును, భవిష్య నిధిని, రెంటినీ కోల్పోతారు. ఆరోజు కొద్దిపాటి సౌకర్యంగా తోచినది పిల్లల చదువు వేళకు పెద్ద లోటవుతుంది.

8. వలస కుటుంబాలు సిద్ధం చేసుకోవలసిన పత్రాలు

మార్కులు ఉండీ పత్రాలు లేక సీటు పోయే ప్రమాదం వలస కుటుంబాలకు ఎక్కువ. ప్రవేశాల కాలంలో కార్యాలయాల వద్ద రద్దీ ఉంటుంది గనుక బిడ్డ తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడే కింది పత్రాలు సమకూర్చుకోవాలి.

నివాస ధ్రువపత్రం: మహారాష్ట్రలో సాధారణంగా 15 ఏళ్ళ నివాసానికి ఆధారాలు చూపి దీనిని పొందాలి. పాఠశాల పత్రాలు, విద్యుత్ బిల్లులు, ఆస్తిపన్ను రసీదులు, అద్దె ఒప్పందాలు దాచి ఉంచాలి.

కుల ధ్రువపత్రం: ఇతర వెనుకబడిన తరగతులకు, ప్రత్యేక వెనుకబడిన వర్గానికి మహారాష్ట్రలో 1967 అక్టోబరు 13 ఆధార తేదీ. ఆనాటికి కుటుంబం ఈ రాష్ట్రంలో నివసిస్తున్నట్లు చూపాలి. తాతగారి పాఠశాల పత్రం, మిల్లు సేవా పుస్తకం, పాత జనన నమోదు వంటివి ఇందుకు బంగారం వంటివి. షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10 ఆధార తేదీ. ఆ తేదీ తరువాత వచ్చిన కుటుంబాలు తమ సొంత రాష్ట్రం నుండి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు గాని, మహారాష్ట్ర రాష్ట్ర కోటాకు అది వర్తించదు. వృత్తి విద్యా ప్రవేశాలకు కుల పరిశీలన పత్రం కూడ అడుగుతారు. అది రావడానికి కాలం పడుతుంది.

పేరు: మహారాష్ట్రలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరుస పాటిస్తారు. తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుంది, లేదా ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. ఆధార్‌లో ఒక విధంగా, మార్కుల పత్రంలో మరొక విధంగా ఉంటే ఆన్‌లైన్ దరఖాస్తు తిరస్కరణకు గురి కావచ్చు. పదవ తరగతి పరీక్ష దరఖాస్తు నింపే నాటికే అన్నిటిలో ఒకే వరుస, ఒకే అక్షరక్రమం ఉండేలా సరిచేయించాలి. పరీక్ష తరువాత సవరణ కష్టసాధ్యం.

9. భాష గురించి

ఐటీఐ తరగతిలో బోధన ఎక్కువగా మరాఠీలో జరుగుతుంది, పనిముట్ల పేర్లు ఆంగ్లంలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ మొదటి కొద్ది నెలలు తడబడితే అది తెలివి లోపం కాదు. ఎనిమిదవ తరగతి నుండే మరాఠీ పత్రిక చదివే అలవాటు, కొలతలకు, పనిముట్లకు ఉన్న పదాలను మూడు భాషలలో రాసుకొనే అలవాటు చేస్తే ఆ తడబాటు తొలగుతుంది. మరాఠీ నేర్చుకొనడానికి తెలుగు మానవలసిన అవసరం లేదు. ఆసుపత్రిలో, రైల్వేలో, హైదరాబాదు వ్యాపారులతో వ్యవహరించే కారఖానా కార్యాలయంలో తెలుగు చదవడం రాయడం వచ్చినవారికి అదనపు ప్రయోజనం ఉన్నది. ఇంట మాట్లాడటమే తప్ప చదవడం రాని తెలుగుతో ఆ ప్రయోజనం సగమే దక్కుతుంది.

10. పనిలో చేరిన తరువాత

చేరిన రోజునే నియామక పత్రం అడగాలి. 20 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు భవిష్య నిధి చట్టం వర్తిస్తుంది. భవిష్య నిధి సంఖ్య జీవితాంతం ఒకటే. కారఖానా మారినప్పుడు కొత్త ఖాతా తెరవక పాతదానికే కలపాలి. మారిన ప్రతిసారీ డబ్బు తీసివేస్తే పింఛనుకు కావలసిన 10 ఏళ్ళ సేవ ఎన్నటికీ పూర్తికాదు. ఉద్యోగ బీమా పరిధిలోని సంస్థలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు తమ బీమా సంఖ్యను కుటుంబ సభ్యుల పేర్లతో సహా నమోదు చేయించుకోవాలి. చట్టప్రకారం చేరిన అప్రెంటిస్‌లకు భవిష్య నిధి కోత ఉండదు. శిక్షణ ముగిసి ఉద్యోగిగా మారిన నెల నుండి అది మొదలైనదో లేదో చూసుకోవాలి. ఈ రెండు ఏర్పాట్ల వెలుపల ఉన్న, 16 నుండి 59 ఏళ్ళ లోపు అసంఘటిత కార్మికులు ఇ-శ్రమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు కావచ్చు.

సంగ్రహం

పరిశ్రమలు వస్తాయి, పోతాయి. పాత మిల్లు పోయింది, మరమగ్గం వచ్చింది, అదీ నేడు రూపం మారుతున్నది. ఒక పరిశ్రమను నమ్ముకొన్న కుటుంబం దానితోపాటే ఒడిదుడుకులకు లోనవుతుంది. చెల్లుబాటయ్యే నైపుణ్యాన్ని, దానికి పత్రాన్ని, ఆ పత్రాన్ని నిలబెట్టే ఇతర ఆధారాలను సమకూర్చుకొన్న కుటుంబానికి ఎన్నుకొనే స్వేచ్ఛ మిగులుతుంది. మగ్గంపైనే కొనసాగదలచినవారికి కూడ ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడే కూలి అడిగే బలం ఉంటుంది.

అభ్యాసం

1. ఇంటిలో పనిచేసే ప్రతి ఒక్కరి నైపుణ్యాన్ని ఒక కాగితంపై రాయండి. దానిలో ఏది వేరొక పరిశ్రమలోనూ చెల్లుతుంది? దేనికి సర్టిఫికెట్ ఉన్నది, దేనికి లేదు?

2. ఆరవ భాగంలోని లెక్కను సొంత ఇంటి అంకెలతో చేయండి. పెట్టుబడి తిరిగి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది?

3. ఇంటిలోని పిల్లల ఆధార్, పాఠశాల పత్రం, జనన ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడండి. తేడా ఉంటే ఎక్కడ, ఏ పత్రంలో సవరించాలో రాయండి.

4. ఎదుగుదలకు చోటున్నదని తోచిన ఒక వృత్తిని ఎన్నుకొని, ఆ పనిలో ఉన్న ఒకరిని కలిసి, వారు ఏ మెట్టు నుండి ఏ మెట్టుకు ఎన్నేళ్ళలో చేరారో అడిగి తెలుసుకోండి.